హెవీవెయిట్లలో అలీ తర్వాత స్థానం ఎవరిది? వేర్వేరు కాలాల వాళ్లను ఏ కొలతతో పోలుస్తారు?

సౌత్‌పా88:
హెవీవెయిట్ బాక్సర్లలో నా టాప్ టెన్ రాసుకుంటున్నాను. మొదటి స్థానం అలీదే, చిక్కంతా రెండో స్థానం దగ్గర. జో లూయిస్ 1937 నుంచి 1949 దాకా టైటిల్ వదల్లేదు, 25 సార్లు కాపాడుకున్నాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ దాటలేదు. రాకీ మార్సియానో 49 ఫైట్లు ఆడి 49 గెలిచి రిటైరయ్యాడు, ఆ 49లో జో లూయిస్ మీద నాకౌట్ కూడా ఉంది. మరి అతన్ని లూయిస్ కింద పెట్టడం ఏం న్యాయం? ఇంకో ఫ్రెండేమో 1990ల ఛాంపియన్ లెనాక్స్ లూయిస్ ముందు వీళ్లిద్దరూ నాలుగు రౌండ్లు కూడా నిలవరంటాడు. మీరెలా చూస్తారు?

పదిహేనో_రౌండ్:
49-0 చూసి అక్కడే ఆగిపోకండి బ్రదర్. 1951లో మార్సియానో ఎదుట నిలబడిన జో లూయిస్‌కి 37 ఏళ్లు, ఒకసారి రిటైరై, పన్నుల బాకీల కోసం మళ్లీ రింగులోకి దిగిన మనిషి. మరుసటి ఏడాది మార్సియానో చేతిలో ఓడి టైటిల్ పోగొట్టుకున్న వాల్కాట్‌కి 38. ఆ వాల్కాట్ ఫైట్ మాత్రం చూసి తీరాలి. మార్సియానో మొదటి రౌండులోనే కిందపడి, పన్నెండు రౌండ్లయ్యేసరికి స్కోరు కార్డులన్నిటిలో వెనకబడి, పదమూడులో ఒకే ఒక్క కుడిచేతి దెబ్బతో ఛాంపియన్ అయ్యాడు, ఆ మొండితనానికి నేను దండం పెడతాను.

కానీ ఎవర్ని, వాళ్లు ఏ ఫామ్‌లో ఉండగా ఓడించాడన్నదే నా లెక్క. అలీ 5 ఫైట్లు ఓడాడు, అయినా పైనే ఉంటాడు, ఎందుకంటే 1974లో అలీతో ఫైట్‌కి ఆఫ్రికాలోని కిన్షాసాకి వచ్చిన ఫోర్‌మన్ 40-0, అందులో 37 నాకౌట్లు, అంతకుముందు అలీని ఓడించిన ఫ్రేజియర్‌నీ నార్టన్‌నీ ఇద్దర్నీ రెండో రౌండులోనే ముగించినవాడు. 32 ఏళ్ల అలీ అతన్ని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మార్సియానో రికార్డులో అంత పెద్ద గెలుపు నాకు కనిపించదు.

భారీకాయం:
సైజు సంగతి ఎవరూ ఎత్తరేంటి? మార్సియానో బరువు దాదాపు 84 కేజీలు, ఇప్పుడైతే అసలు హెవీవెయిటే కాదు, దాని కింది తరగతైన క్రూయిజర్‌వెయిట్‌లో ఆడాలి. లెనాక్స్ ఆరడుగుల ఐదంగుళాలు, టైసన్‌తో ఆడేనాటికి 110 కేజీల పైనే. అతని జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు) దాటుకుని మార్సియానో లోపలికి ఎలా వస్తాడో చెప్పండి. పైగా లెనాక్స్ ఓడింది ఇద్దరి చేతిలోనే, ఆ ఇద్దర్నీ మళ్లీ ఆడి ఓడించాడు. నా లిస్టులో రెండోవాడు అతనే.

పాతరింగు:
సైజుతోనే తేలిపోయేదైతే 1942లో బడ్డీ బేర్ గెలవాలి కదా. 113 కేజీల మనిషి, అతన్ని జో లూయిస్ మొదటి రౌండులోనే పడుకోబెట్టాడు. అంతకుముందు మరో భారీకాయుడు కార్నెరానీ అంతే, ఆరు రౌండ్లలో. అంత దూరం ఎందుకు, 2024లో ఉసిక్ తనకంటే 17 కేజీలు బరువున్న ఫ్యూరీని ఓడించి, డిసెంబరులో మళ్లీ ఓడించాడు. ఆ ఉసిక్ వచ్చింది మీరు చెప్పిన క్రూయిజర్‌వెయిట్ నుంచే! లెనాక్స్‌ని మెక్‌కాల్, రహ్మాన్ ఒక్కో కుడిచేతి దెబ్బతో పడగొట్టారు. ఇక జో లూయిస్ కుడిచేయి ఏం చేస్తుందో తెలియాలంటే 1938లో ష్మెలింగ్‌తో రెండో ఫైట్ చూడండి, మొత్తం 124 సెకన్లే, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. రెండో స్థానం జో లూయిస్‌దే, మూడు ఎవరికిచ్చినా నాకు అభ్యంతరం లేదు.

భారీకాయం:
మెక్‌కాల్, రహ్మాన్ కూడా 100 కేజీలు దాటినవాళ్లే. ఆ దెబ్బల్ని 90 కేజీల జో లూయిస్ దెబ్బలతో పోల్చడం నాకు సబబుగా లేదు. ఉసిక్ పాయింట్ మాత్రం బలమైనదే.

సౌత్‌పా88:
సరే, రెండు జో లూయిస్, మూడు లెనాక్స్ అనుకుంటున్నాను. లారీ హోమ్స్ ఎక్కడ?

పదిహేనో_రౌండ్:
మార్సియానో కంటే పైన, నాలుగులో. 48-0 దాకా వెళ్లి 1985లో స్పింక్స్ చేతిలో ఓడినందుకు జనం పక్కన పెట్టేశారు గానీ, 20 సార్లు టైటిల్ కాపాడుకున్నాడు, షేవర్స్ దెబ్బకి కిందపడి లేచి అదే ఫైట్ గెలిచాడు. 1978లో నార్టన్‌తో పద్నాలుగు రౌండ్లయ్యాక కూడా జడ్జీల దగ్గర సమంగా ఉన్నారు, పదిహేనో రౌండులో ఇద్దరూ ఒళ్లు తెలియకుండా కొట్టుకున్నారు, అదే హోమ్స్‌కి టైటిల్ తెచ్చింది. ఇప్పటిలా పన్నెండు రౌండ్లే అయితే ఆ రౌండు ఉండేదే కాదు. మీ లిస్టు పూర్తి చేసేముందు ఆ చివరి మూడు నిమిషాలు చూడండి.