మారేడుమిల్లి ఘాట్‌లో సిగ్నల్ పోతే ఏ మ్యాప్ యాప్ మంచిది?

గోదారి_రైడర్: రాజమండ్రి నుంచి మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం బైక్ మీద వెళ్తున్నాం. ఘాట్‌లో సిగ్నల్ ఉండదంటున్నారు. గూగుల్ మ్యాప్స్ చాలా, వేరేది వేసుకోవాలా?

బుల్లెట్_హైద్: జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు బ్రో, మ్యాప్ ఫోన్‌లో ఉంటే చాలు. ఇంట్లో వైఫై మీద గూగుల్‌లో ఆ ఏరియా మొత్తం ఆఫ్‌లైన్‌కి దించుకో. కాకపోతే నెట్ లేనప్పుడు ట్రాఫిక్ కనపడదు, నడిచే దారి కూడా చూపించదు.

మన్యం_చిన్నోడు: నా ఓటు ఆర్గానిక్ మ్యాప్స్‌కే. డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది (జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్), యాడ్స్ లేవు, లాగిన్ లేదు, వెతకడం దగ్గర్నుంచి దారి చెప్పడం దాకా అంతా నెట్ లేకుండానే, పైగా అడవిలో కాలిబాటలు కూడా చాలాచోట్ల దొరుకుతాయి. హోటళ్లు, షాపుల విషయంలో మాత్రం గూగుల్ ముందు నిలవదు.

గోదారి_రైడర్: మరి మ్యాపుల్స్?

బుల్లెట్_హైద్: మన దేశపు మ్యాప్ కంపెనీ మ్యాప్‌మైఇండియా వాళ్ల యాపేగా. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అన్నది జంక్షన్ బొమ్మ వేసి చూపిస్తుంది, సిటీలో బాగా పనికొస్తుంది. ఘాట్‌లో ఫ్లైఓవర్లు ఎక్కడివి 😄

మన్యం_చిన్నోడు: గూగుల్, ఆర్గానిక్ రెండూ వేసుకో, పవర్ బ్యాంక్ మర్చిపోకు. చీకటి పడకముందే ఘాట్ దిగెయ్.