నాన్నగారి శ్రద్ధాంజలి పేజీ ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఎలా?

మల్కాజిగిరి నుంచి (ప్రశ్న):
నాన్నగారు మొన్న పోయారు. చుట్టాల్లో సగం మంది అమెరికా, గల్ఫ్‌లలో ఉన్నారు. వాట్సాప్ కార్డుతో సరిపెట్టకుండా జీవిత విశేషాలు, ఫొటోలు, కర్మ వివరాలు, నివాళులు రాసే చోటు అన్నీ ఉండే పేజీ కావాలి. ఉచితంగా కుదురుతుందా? కార్డు మీద క్యూఆర్ కోడ్ కూడా వేయిద్దామని ఉంది. ఫ్లెక్స్ షాపువాళ్లు పంపిన తెలుగు మ్యాటర్ పేజీలో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

డీటీపీ అన్న:
ఆ మ్యాటర్ అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటుందండి. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేనిచోట గీతలే కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తులు తారుమారవుతాయి, అదీ సరిగ్గా పేర్ల దగ్గరే. నాలుగు పేరాలే కదా, ఫోన్‌లో మళ్లీ టైప్ చేసుకోవడం నయం. పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వాడే షాపుకి యూనికోడ్ మ్యాటర్ ఇస్తే వాళ్లకీ ఇదే తంటా. కార్డు మీరే తయారుచేసి పీడీఎఫ్ ఇవ్వండి.

ఫొటో సంగతి. పాస్‌పోర్టు సైజు ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే దాదాపు 830 × 1060 పిక్సెల్స్ వస్తాయి. ఫోన్ తెరకి చాలు, పెద్ద ఫ్లెక్స్‌కి చాలదు. ఫ్రేమ్‌లో ఉన్నదాన్ని అద్దం మీదుగా ఫోన్‌తో తీయకండి, ట్యూబ్‌లైటు మెరుపు మొహం మీదే పడుతుంది. ఒకరికొకరు పంపుకునేటప్పుడు వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది. ఏఐ యాప్‌తో మరీ నునుపు చేస్తే కళ్లు మారిపోయి వేరే మనిషిలా ఉంటారు.

సైనిక్‌పురి వెబ్:
వెబ్ పేజీలు చేసుకునే గూగుల్ సైట్స్ చాలు, ఉచితం. నాన్నగారి ఖాతాలో మాత్రం చేయకండి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, పేజీ కూడా దాంతోపాటే పోతుంది. మీ ఖాతాలో చేసి, ఇంట్లో ఇంకొకరికి ఎడిటర్ హక్కు ఇవ్వండి.

సైట్స్‌లో కామెంట్లు ఉండవు. గూగుల్ ఫామ్ జోడించండి: పేరు, ఊరు, నివాళి, అంతే. ఫొటో అప్‌లోడ్ ప్రశ్న పెడితే లాగిన్ అడుగుతుంది, పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. వచ్చినవి ఫామ్‌కి జతచేసిన గూగుల్ షీట్‌లో చదివి, బాగున్నవి మీరే పేజీలో పెట్టండి.

అందరూ చేసే పొరపాటు, ఎడిట్ లింకు పంచడం. చూసేవాళ్లకి ‘అనుమతి కావాలి’ అని వస్తుంది. పబ్లిష్ చేశాక వచ్చే లింకుని ఇన్‌కాగ్నిటోలో (మీ లాగిన్ లేని బ్రౌజర్ విండో) తెరిచి చూశాకే పంపండి.

పంతులుగారు ఖాయం చేసేదాకా కర్మ తేదీని కార్డు మీద వేయొద్దు. ఫార్వర్డ్ అయిపోయిన కార్డుని వెనక్కి తేలేం, పేజీలో అయితే మార్చుకోవచ్చు. లైవ్ పెడితే విదేశాల్లో ఉన్నవాళ్ల టైమూ రాయండి: ఇక్కడ ఉదయం 10 అంటే న్యూయార్క్‌లో వేసవిలో అర్ధరాత్రి 12:30, చలికాలంలో ముందురోజు రాత్రి 11:30.

క్యూఆర్ ‘స్టాటిక్’దే (మీ పేజీ లింకు నేరుగా కోడ్‌లోనే ఉండేది) చేయించండి. ‘డైనమిక్’ కోడ్ ఆ కంపెనీ లింకు మీదుగా వెళ్తుంది, ఉచిత గడువు అయిపోతే తెరుచుకోదు. తెలుపు మీద నలుపు, కనీసం 2 సెంటీమీటర్లు, చుట్టూ ఖాళీ. మెరూన్ మీద బంగారు రంగు వేస్తే చాలా ఫోన్లు చదవవు.

తార్నాక అక్క:
పూర్తి పుట్టినతేదీ, ఇంటి నంబరు, నాన్నగారి ఫోన్ నంబరు పేజీలో వద్దమ్మా. సంవత్సరాలు చాలు. ఇంటి చిరునామా, కర్మ టైము రెండూ ఒకేచోట ఉంటే ఇల్లు ఎప్పుడు ఖాళీయో ఊరందరికీ చెప్పినట్టే. సిమ్ కూడా అప్పుడే రద్దు చేయించకండి, బ్యాంకు పనుల్లో ఓటీపీలు దానికే వస్తాయి.

ఫేస్‌బుక్ ఖాతాని స్మారక ఖాతాగా మార్పిస్తే ఆ తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ లాగిన్ అవ్వలేరు. బతికుండగా ఆయన లెగసీ కాంటాక్ట్‌ని (తన తర్వాత ఖాతా చూసుకునే మనిషిని) పెట్టి ఉంటేనే ప్రొఫైల్ ఫొటో మార్చే వీలుంటుంది.

కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్ల పేర్ల వరుస ఇద్దరు పెద్దవాళ్లకి చూపించి ఖాయం చేసుకోండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టారో, కర్మ అయ్యేదాకా తెగదు.

మల్కాజిగిరి నుంచి:
చాలా థాంక్స్ అండి. ఏటా ఆబ్దికానికి పనికొచ్చేలా తిథి కూడా రాయాలా?

తార్నాక అక్క:
రాయమ్మా. మాసం, పక్షం, తిథి, పోయిన సమయం నిమిషాలతో సహా. తిథి రోజు మధ్యలో ఎప్పుడైనా మారుతుంది, వట్టి తేదీ ఉంటే పంతులుగారు మళ్లీ టైము అడుగుతారు. ఆసుపత్రి కాగితం మీద ఉన్న టైమే తీసుకోండి. పేరు స్పెల్లింగు, తేదీ మున్సిపల్ మరణ ధ్రువపత్రంతో ఒకసారి సరిచూడండి. తప్పుంటే ముందు దిద్దించాల్సింది ధ్రువపత్రం, పేజీ తర్వాతైనా పర్లేదు.