వాడిన గోల్ఫ్ జీటీఐనా, మస్టాంగ్ ఎకోబూస్టా? షికాగో మంచులో ఏది నయం?

ప్రశ్న: నేపర్‌విల్ డ్రైవర్

నమస్తే అండీ. ఇంట్లో ఒకటే కారు. ఏడాది పొడవునా ఆఫీసుకి, సరుకులకి, లాంగ్ డ్రైవ్‌లకి అదే. గేర్లు చేత్తో మార్చే బండే కావాలి. కొత్తవాటిలో రెండింటికీ మాన్యువల్ తీసేశారు కాబట్టి వాడినవే చూస్తున్నాను. రెండు దొరికాయి, రెండూ 60 వేల మైళ్ల లోపే, ధరలో పెద్ద తేడా లేదు.

1. 2019 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఎస్, 228 హార్స్‌పవర్
2. 2018 ఫోర్డ్ మస్టాంగ్ ఎకోబూస్ట్, 2.3 లీటర్ టర్బో, 310 హార్స్‌పవర్. పర్ఫార్మెన్స్ ప్యాకేజీ లేదు. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్ ఉండే మస్టాంగ్ జీటీ బడ్జెట్‌లో లేదు.

కాగితం మీద మస్టాంగ్ ఎక్కడో ఉంది. వేసవిలో అమ్మానాన్న వస్తారు, అప్పుడు వెనక సీటు కావాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: క్లచ్‌ప్లేట్

ముందు ఆ 82 హార్స్‌పవర్ల తేడా సంగతి చూద్దాం. జీటీఐ బరువు దాదాపు 3,100 పౌండ్లు, మస్టాంగ్ 3,530. అంటే ఒక్కో హార్స్‌పవర్ మోయాల్సింది ఇందులో 13.6 పౌండ్లు, అందులో 11.4. మస్టాంగే వేగం, కాదనను. కానీ సిటీలో గంటకి 40 మైళ్ల వేగం లోపు ఆ తేడా మీరు అనుకున్నంత తెలియదు.

ఇక 2019 జీటీఐలో ఒక విశేషం ఉంది. అంతకుముందు పై ట్రిమ్‌లకే (అదే కారులో ఎక్కువ హంగులుండే రకాలకే) ఇచ్చిన వీఏక్యూ డిఫరెన్షియల్, ఇంకా బలమైన గోల్ఫ్ ఆర్ మోడల్ బ్రేకులు ఆ ఏడాది కింది ఎస్ ట్రిమ్‌కి కూడా ఇచ్చారు. వీఏక్యూ అంటే ముందు చక్రాల మధ్య కంప్యూటర్ నడిపే క్లచ్. వానలో మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం ఊరికే తిరిగిపోకుండా బలాన్ని బయటి చక్రానికి పంపుతుంది. దానికి వేరే ఆయిల్ ఉంటుంది. ఇంజన్ ఆయిల్ మార్చినవాళ్లు చాలామంది దాన్ని మర్చిపోతారు, సర్వీస్ రికార్డులో వెతకండి.

మస్టాంగ్‌లో మీరు చూసింది కింది రకం. పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉంటే పెద్ద రేడియేటర్, ముందు నాలుగు పిస్టన్ల బ్రేకులు, త్వరగా వేగం అందుకునే 3.55 నిష్పత్తి వెనక యాక్సిల్, గట్టి స్ప్రింగులు వచ్చేవి. అవి లేని ఎకోబూస్ట్ హైవే మీద హాయిగా పోయే కారు, అంతే. మలుపుల్లో జీటీఐ ఇచ్చే హుషారు అందులో రాదు. రెండు తలుపుల కూపే ఆకారం చూసి స్పోర్ట్స్ కారనుకుని కొంటే నిరాశే.

వెనక సీటు గురించి కచ్చితంగా చెప్తాను. జీటీఐలో వెనక కాళ్లకి 35.6 అంగుళాలు, మస్టాంగ్‌లో 29. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని ముందు సీటు వంచి ఆ సందులోంచి లోపలికి ఎక్కించడం న్యాయం కాదు. డిక్కీ కూడా 22.8 ఘనపుటడుగులకి 13.5. ఓహేర్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఇద్దరి నాలుగు పెద్ద సూట్‌కేసులు తేవాలంటే జీటీఐలో వెనక సీటు ఒక వైపు మడిస్తే దారి దొరుకుతుంది. మస్టాంగ్‌లో డిక్కీ నోరే చిన్నది, అక్కడే ఆగిపోతారు.

జవాబు: రియర్‌వీల్

పై జవాబు మస్టాంగ్‌కి కొంచెం అన్యాయం చేసింది. 2018 నుంచి దాని టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) 350 పౌండ్-ఫీట్, జీటీఐది 258. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. వెనక చక్రాలు తోసే బండి స్టీరింగ్ చేతిలో ఇచ్చే అనుభూతి కూడా వేరు. మంచులో నడవదనేది అపోహ, నాలుగు చక్రాలకీ వింటర్ టైర్లు వేస్తే నడుస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది వేసవి టైర్లతో. 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది, బాగా గడ్డకట్టే చలిలో బండి కదిపితే పగిలే ప్రమాదం కూడా ఉంది.

అయినా మీ పరిస్థితికి నేనూ జీటీఐ అనే అంటాను, కారణం వేరు. కార్లని గుద్ది భద్రత పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2017 జనవరిలో యూరప్ మస్టాంగ్‌కి 2 స్టార్లే ఇచ్చింది, మార్పులు చేశాక జూలైలో 3 అయ్యాయి. వెనక బెల్టులకి ప్రీటెన్షనర్లు (గుద్దగానే బెల్టుని బిగించేవి) లేక, ఎదురుగా గుద్దినప్పుడు వెనక కూర్చోబెట్టిన పరీక్ష బొమ్మ బెల్టు కిందికి జారిపోయింది. ఒక్కరే నడుపుకునే బండైతే ఇది పట్టించుకోనక్కర్లేదు. మీరు వెనక అమ్మానాన్నల్ని కూర్చోబెడతానంటున్నారు.

నేపర్‌విల్ డ్రైవర్

ఇద్దరికీ ధన్యవాదాలు. మనసు జీటీఐ వైపు మొగ్గింది. శనివారం చూడ్డానికి వెళ్తున్నాను, ఏమేం చూడాలి? శీతాకాలానికి 16 అంగుళాల చక్రాలు చవగ్గా దొరుకుతున్నాయి, తీసుకోనా?

జవాబు: పాత షెడ్డు

16 వద్దు తమ్ముడూ. 2019లో ముందు డిస్కు 340 మిల్లీమీటర్లు, 16 రిమ్ కాలిపర్‌కి (డిస్కుని పట్టుకునే బ్రేకు భాగానికి) తగులుతుంది. 17 అంగుళాలు తీసుకో, టైరు 225/45ఆర్17, బోల్టుల అమరిక 5×112 (112 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు). 17లో కూడా అన్ని డిజైన్లూ పట్టవు, ఒకటి బిగించి చేత్తో తిప్పి చూశాకే డబ్బులివ్వు.

రాత్రంతా ఆపి ఉంచిన బండే చూపించమను, అమ్మేవాళ్లు వేడి చేసి ఉంచితే సగం జబ్బులు దాక్కుంటాయి. కూలెంట్ డబ్బా చూడు. మట్టం మిన్ గీత దగ్గర ఉన్నా, దగ్గర తీపి వాసన వచ్చినా అనుమానించాలి. ఈ ఇంజన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి. వేడికీ చలికీ అది వంగి సీలు దగ్గర కారుతుంది. కారింది గేర్‌బాక్స్ మీద పడి గులాబీ రంగు పొక్కులా ఎండుతుంది, ఇంటేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల భాగం) కింద టార్చి వేస్తే కనిపిస్తుంది. బాగు చేయించాలంటే హౌసింగ్ మొత్తం, దాన్ని తిప్పే చిన్న బెల్టూ కలిపి మార్చాలి. సీలు మాత్రమే మారిస్తే మళ్లీ కారుతుంది. 2019 మోడల్‌కి కంపెనీ 6 ఏళ్లు లేదా 72,000 మైళ్ల వారంటీ ఇచ్చింది, ఆ లోపల మార్చి ఉంటే బిల్లు ఉంటుంది, అడుగు.

తర్వాత క్లచ్. ఖాళీ రోడ్డు మీద 4వ గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ముల్లు గబుక్కున పైకి పోయి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. 60 వేల మైళ్లలోపే జారుతుంటే చాలాసార్లు కారణం ఒకటే, సాఫ్ట్‌వేర్ ట్యూన్ వేసి టార్క్ పెంచారు. కంపెనీ క్లచ్ ఆ అదనపు భారం మోయలేదు. అమ్మే ముందు మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ వేసేస్తారు కాబట్టి బయటికి ఏమీ తెలియదు. విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) తీసుకుని, ఫోక్స్‌వ్యాగన్ డీలర్ దగ్గర టీడీ1 గుర్తు, అంటే ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చారని కంపెనీ పెట్టే గుర్తు, ఉందేమో చూడమను. ఉంటే ఎంత తగ్గించినా ఆ బండి వదిలెయ్.

పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది గనుక ఇంటేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే అర నిమిషం కుంటినట్టు కొట్టుకుంటే అదే అయ్యుండొచ్చు. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో చిమ్మి శుభ్రం చేస్తారు, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడుగు. స్పార్క్ ప్లగ్గులు 60,000 మైళ్లకి మార్చాలి, కాబట్టి అదీ నీ నెత్తినే పడుతుంది. ఆయిల్ 5డబ్ల్యూ-40, డబ్బా మీద వీడబ్ల్యూ 502 00 అని ఉండాలి.

ఇన్సూరెన్స్ రేటు బండి చూడ్డానికి వెళ్లేముందే రెండు విన్ నంబర్లతోనూ అడుగు. ఇక్కడ లైసెన్స్ వచ్చి మూడేళ్లు దాటకపోతే కొన్ని కంపెనీలు రెండు తలుపుల బండికి బాగా ఎక్కువ వేస్తాయి.