ఎయిర్ పిస్టల్‌కు ఫ్లాట్ ట్రిగ్గర్ బిగించడంపై సలహా కావాలి

గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. పిస్టల్‌తో వచ్చిన వంపు ట్రిగ్గర్ తీసి, వేరే తయారీదారు అమ్మే ఫ్లాట్ ట్రిగ్గర్ బిగించాలనుకుంటున్నాను. వంపులో నా వేలి కొస మెత్తటి భాగానికి బదులు పక్క అంచు ఆనుతోంది. పిడిని చెక్కించినా అది మారలేదు.

నా సందేహం ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు గురించి. ట్రిగ్గర్ తిరిగే ఇరుసు పైన ఉంటుంది కాబట్టి, ఫ్లాట్ బ్లేడు (ట్రిగ్గర్‌లో వేలు ఆనే ముక్క) మీద వేలు కాస్త కిందికి జారితే లాగుడు తేలికగానూ, పైకి పోతే బరువుగానూ తగులుతుంది. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధన ప్రకారం ఈ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. తనిఖీలో బ్యారెల్‌ను నిలువుగా పట్టి, తూకాన్ని ట్రిగ్గర్ మధ్యకు దగ్గరగా వేలాడదీస్తారు. అయితే నా వేలు సహజంగా మధ్యకు కొంచెం కిందనే కూర్చుంటుంది. (వంపు ట్రిగ్గర్‌కు ఈ పేచీ లేదు, అది వేలికి చోటు తానే చూపిస్తుంది.)

కొత్త బ్లేడు బిగించాక మొదటి దశ (ట్రిగ్గర్ తేలికగా వెనక్కి వచ్చే దూరం) కదలికను ముందు సరిచేయాలా, లేక రెండో దశ (ఆ తర్వాత పేలే ముందు తగిలే నిరోధం) బరువునా? తనిఖీలో తిరస్కరించకుండా 500 గ్రాముల పైన ఎంత వెసులుబాటు ఉంచుతున్నారు? బ్లేడు స్క్రూ వదులు కాకుండా లాకింగ్ జిగురు వాడవచ్చా? ఈ మార్పు చేసుకున్నవారు దయచేసి తెలియజేయగలరు.