రెక్కలు కనిపించని ఫ్యాన్ మన కోస్తా ఉక్కకు సరిపోతుందా?

ప్రశ్న (ఒంగోలు):
అమ్మ గదిలో పెట్టడానికి, నిలువు వలయంలా ఉండి రెక్కలేవీ కనిపించకుండా గాలినిచ్చే కొత్త తరహా ఫ్యాన్ కొనాలనుకుంటున్నాను. ఇంట్లో పాకే వయసు పసివాడు ఉన్నాడు, ఆ భయం కూడా తీరుతుంది. రోహిణి కార్తె ఉక్కపోతలో అది ఏపాటి పనిచేస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కావలి):
రెక్కలు లేకపోలేదండీ, అవి పీఠం లోపల మోటారుతో తిరుగుతుంటాయి. అక్కడ పీల్చుకున్న గాలి వలయం అంచునున్న సన్నని చీలిక గుండా వేగంగా వెలువడి, విమానపు రెక్క వంటి వంపు మీదుగా సాగుతూ, చుట్టుపక్కల గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. ఇటువంటి ఫ్యాన్‌కు జపాన్‌లో 1981లోనే పేటెంట్ ఉన్నా, డైసన్ సంస్థ 2009లో అమ్మకానికి తెచ్చాకే అందరికీ తెలిసింది. పసివాడి వేళ్ల విషయంలో మీ ఆలోచన ముమ్మాటికీ సరైనదే.

జవాబు (నెల్లూరు):
పై వివరణ బాగుంది. అయితే ఏ ఫ్యాన్ అయినా గది వేడిని తగ్గించదు, చెమటను ఆరబెట్టి హాయినిస్తుంది. సముద్రపు తేమ నిండిన మన గాలిలో చెమట ఆరడమే కష్టం కాబట్టి, ఒంటిమీద ఎంత గాలి ఆడుతుందన్నదే ముఖ్యం. వలయపు ఫ్యాన్ ఎదురుగా ఉన్నవారికే బాగా తగులుతుంది. గదంతా గాలి కావాలంటే, పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకునే చోట సుమారు 30 వాట్లతో నడిచే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) సీలింగ్ ఫ్యాన్ మేలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అమ్మ మంచం ఒక మూలనే ఉంటుంది కనుక, ముందుగా దుకాణంలో ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తాను.