ప్యానెల్ సా స్లైడింగ్ టేబుల్: బ్లేడుకి ముందూ వెనకా సున్నానా, వెనక కాస్త వదలాలా?

ప్లైపొడి:
ప్యానెల్ సా (చెక్కని జారే టేబుల్ మీద పెట్టి బ్లేడు వైపు తోసే రంపం మెషిన్) మీద 18 ఎంఎం ప్లై కోస్తుంటే అంచు మీద అర్ధచంద్రాల్లా గీతలు పడుతున్నాయండీ, లామినేట్ పైవైపు పెచ్చులు లేస్తోంది. మెకానిక్ వచ్చి డయల్ గేజి పెట్టి, టేబుల్ నడిచే దారికీ బ్లేడుకీ దూరం ముందూ వెనకా ఒకటే, తేడా సున్నా అని చూపించి డబ్బులు తీసుకుని పోయాడు, గీతలు మాత్రం పోలేదు. మా మేస్త్రీ ఏమో "సున్నా కాదు సార్, వెనక వెంట్రుకవాసి వదలాలి" అంటాడు. ఎవరి మాట వినను?

మూలమట్టం:
మేస్త్రీదే రైటు. ముందు పళ్ళు దిగుతూ కోస్తాయి, వెనక పళ్ళు పైకి లేస్తూ వస్తాయి, అవి మళ్ళీ చెక్కకి తగిలితే పైన పెచ్చులు లేవక ఏమవుతుంది. 300 ఎంఎం బ్లేడుకి వెనకవైపు 0.05 నుంచి 0.1 ఎంఎం ఎక్కువ గ్యాప్ ఉంచండి, అంతకు మించి వద్దు.

రంపంరాజా:
అట్ల వదిలితే కుడిపక్క ముక్క సంగతేంది అన్నా? టేబుల్ వైపు ముక్క బానే ఉంటది, ఫెన్స్ (కుడిపక్క చెక్కని ఆనించే పట్టీ) వైపు ముక్కని వెనక పళ్ళు గీకుతయ్. మేం రెండు ముక్కలూ వాడేటోళ్ళం, మాకు సున్నానే కావాలె.

మూలమట్టం:
సగం ఒప్పుకుంటా. కానీ ఫెన్స్‌ని బారుగా చివరిదాకా పెడితేనే ఆ ముక్క ఇరుక్కుని వెనక పళ్ళకి ఒత్తుకుంటుంది. ఫెన్స్ వెనక్కి లాగి బ్లేడు మధ్యభాగం దాటకుండా ఆపి చూడండి, తెగిన ముక్క పక్కకి జరగడానికి చోటు దొరుకుతుంది.

రంపంరాజా:
సన్న పట్టీలకి సరే. నాలుగడుగుల ప్లై యాడికి జరుగుతది, దాని బరువుకి ఉన్నకాడనే ఉంటది. నేను సున్నా వదల.

ప్లైపొడి:
మరి టేబుల్ కదిపితే నా 90 డిగ్రీలు పోవా?

మూలమట్టం:
పోవు. చెక్క టేబుల్‌తో పాటే నడుస్తుంది కదా, టేబుల్ నడిచే దారికి క్రాస్ ఫెన్స్ (టేబుల్ మీద అడ్డంగా ఉండే ఆనుడు పట్టీ) మట్టంగా ఉంటే చాలు, బ్లేడుకి మూలమట్టం ఆనించి చూసేది అందుకే లెక్కలోకి రాదు (నా పేరు అదే అయినా). అనుమానముంటే ఐదు కోతలు కొయ్యండి, ప్రతిసారీ కోసిన అంచునే క్రాస్ ఫెన్స్‌కి ఆనిస్తూ. ఐదో కోతలో వచ్చిన పట్టీ రెండు చివర్లూ కొలిచి తేడాని 4తో భాగించండి. 600 పొడవు పట్టీలో 0.4 తేడా వస్తే మీ తప్పు 600కి 0.1.

చెక్కపని సీను:
వాదన సరేగానీ ఆ మెకానిక్ ఎలా కొలిచాడో అడిగారా? ముందు ఒక పన్ను, వెనక ఇంకో పన్ను కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలో కలుస్తుంది. మెయిన్ స్విచ్ ఆపేసి ఒకే పన్నుకి మార్కర్ పెట్టి, ముందు కొలిచాక అదే పన్నుని చేత్తో వెనక్కి తిప్పి కొలవాలి. డయల్ టేబుల్ మీదే బిగించి, బ్లేడు పక్కనుంచి జరపాలి. అంతకంటే ముందు టేబుల్ జారే పట్టాల మీద పొడి తుడవండి బాబూ, సగం సమస్యలు అక్కడే.

ప్లైపొడి:
కొలిచానండీ. ఒకే పన్నుతో చూస్తే సున్నా కాదు, వెనక 0.12 దగ్గరగా ఉంది! మేస్త్రీ చేత 0.06 దూరం పెట్టించా, స్కోరింగ్ బ్లేడు (కిందివైపు ముందే గీత గీసే చిన్న బ్లేడు) లైను కూడా మళ్ళీ కలుపుకోవాల్సి వచ్చింది. టేబుల్ వైపు అంచు నున్నగా ఉంది, ఫెన్స్ వైపు సన్నగా గీతలున్నాయి.

రంపంరాజా:
చెప్పిన్నా లేదా.