కటింగ్ షాపులో తలకు ట్రీట్‌మెంట్: చుండ్రు ఉన్న మాడుకు ఏది ముందు, ఎంత, ఎంతసేపు

వరంగల్ సెలూన్:
మగవాళ్ల సెలూన్లల్ల కటింగ్, గడ్డంతో పాటు ఇప్పుడు 'స్కాల్ప్ ట్రీట్‌మెంట్' కూడ రేటు బోర్డు మీదికి వచ్చింది. చాలా షాపులల్ల చేసేది ఒకటే: నూనె పోసి మాలీష్, ఆవిరి, షాంపూ. చుండ్రు ఉన్నా అదే, జిడ్డు తలకూ అదే, ఎర్రగా పుండ్లు పడ్డ తలకూ అదే. పని నేర్చుకునే పిల్లలకు గోడకు అంటించేటట్టు ఒక పద్ధతి రాద్దామనుకుంటున్నం. ఏది ముందు, ఎంత మందు, ఎన్ని నిమిషాలు, ఎవరి తల ముట్టొద్దు? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.

నెల్లూరు మెడికల్స్:
ముందు చుండ్రుకు నూనె మాలీష్ అనే వరసను బోర్డు మీంచి తీసేయండి అన్నా. చుండ్రు తల ఎండిపోయి రాదు. అందరి నెత్తిమీదా మలసీజియా అనే ఈస్టు ఉంటుంది. మాడు మీద ఊరే జిడ్డే దానికి తిండి. ఆ జిడ్డును విడగొట్టుకుని తనకు కావాల్సింది తిని, ఓలియిక్ ఆమ్లాన్ని వదిలేస్తుంది. ఆ ఆమ్లం పడని వాళ్లకు దురద, పొట్టు. మనం పైనుంచి నూనె పోస్తే పొట్టు తడిసి తలకు అతుక్కుంటుంది కాబట్టి ఆ పూటకు పోయినట్టే కనిపిస్తుంది. ఈస్టుకు మాత్రం అదనంగా తిండి పెట్టినట్టే.

కొబ్బరినూనె చెడ్డదని కాదు. వెంట్రుకలోని ప్రోటీన్ కడుగుళ్లలో పోకుండా అది కాపాడుతుంది. అంటే మేలు వెంట్రుకకు, చుండ్రు పట్టిన మాడుకు కాదు. పొట్టు లేని తలకు మాలీష్ చేయాలంటే పొట్టి జుట్టుకు 10 మి.లీ. నూనె చాలు. గిన్నెను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూశాకే తల మీద వేయాలి.

గుంటూరు కత్తెర:
పద్ధతి రాసుకోండి. ఇది మామూలు చుండ్రుకు, అంటే తెల్లటి పొట్టు, కాస్త దురద, పుండ్లేమీ లేని తలకు.

జుట్టు తడపకముందే చూడాలి. తడిస్తే పొట్టు కనపడదు. మంచి లైటు కింద నాలుగు చోట్ల పాయ తీసి చూడండి: నుదుటి పైన, నడినెత్తిన, మెడ పైన, చెవుల వెనక. చెవుల వెనక చూడటం చాలామంది మరిచిపోతారు.

తరవాత మామూలు షాంపూతో ఒక కడుగుడు. ఇది జిడ్డు, జెల్, నూనె పోవడానికే, అర నిమిషం చాలు. ఇది చేయకుండా మందు షాంపూ పోస్తే సగం మందు జిడ్డు కడగడానికే ఖర్చయిపోతుంది. పొట్టు మందంగా ఉంటే ఆ తరవాత 2 నుంచి 3 శాతం శాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూ రాసి 5 నిమిషాలు ఉంచి కడిగేయండి, పొట్టు తనంతట తనే వదులుతుంది. దువ్వెన పళ్లతో గోకి రాల్చే అలవాటు ఉంది చూశారూ, దాన్ని పూర్తిగా మానిపించాలి. గీతలు పడ్డ చోట మందు భగ్గుమంటుంది, చీము కూడా పడుతుంది.

అప్పుడు చుండ్రు షాంపూ, 8 నుంచి 10 మి.లీ. అరచేతిలో నీళ్లతో కలిపి, జుట్టుకు కాదు, మాడుకు పట్టించాలి. గోళ్లు తగలకుండా వేళ్ల మెత్తటి భాగంతో రాసి, గడియారం చూసి 5 నిమిషాలు ఉంచాలి. మందు షాంపూ పనిచేయలేదనే వాళ్లలో ఎక్కువమంది దాన్ని రాసిన వెంటనే కడిగేసేవాళ్లే. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. మరీ వేడినీళ్లు పోస్తే దురద పెరుగుతుంది. టవల్‌తో రుద్దకుండా అద్ది, డ్రయ్యర్ తక్కువ వేడిలో జానెడు దూరం నుంచి. ఆ రోజు నూనె వద్దు, ఆవిరి వద్దు.

నెల్లూరు మెడికల్స్:
గుంటూరు అన్నగారు చెప్పిన దాంట్లో 'చుండ్రు షాంపూ' అన్న మాటను ఇంకొంచెం విడమరచాలి. షాపులో మీ అంతట మీరు వాడుకోదగ్గది 1 శాతం జింక్ పైరిథియోన్. కీటోకొనజోల్ 2 శాతం మందు కిందికి వస్తుంది. డాక్టర్ రాసిస్తే కస్టమర్ తన సీసా తెచ్చుకుంటాడు, మీరు పద్ధతిగా పట్టిస్తారు. దాన్ని 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. వారానికి రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు, తరవాత వారానికో రెండు వారాలకో ఒకసారి. అందుకే నెలకోసారి షాపులో చేసే ట్రీట్‌మెంట్ ఒక్కటే చుండ్రును ఆపలేదు. మిగతా కడుగుళ్లు ఇంట్లో జరగాల్సిందేనని డబ్బు తీసుకునేటప్పుడే చెప్పండి.

సెలీనియం సల్ఫైడ్ కూడా పనిచేస్తుంది, కానీ వెండి ఉంగరాలు నల్లబడతాయి, నెరిసిన జుట్టుకూ రంగు వేసిన జుట్టుకూ మరక పట్టొచ్చు. పెద్దవాళ్లకు వాడేముందు ఇది చెప్పాలి.

టీ ట్రీ నూనెను సీసాలోంచి నేరుగా మాడు మీద పోస్తున్నారు, అది తప్పు. చర్మం కందిపోతుంది, కొందరికి అలర్జీ వస్తుంది. పరీక్షల్లో పనిచేసింది 5 శాతం కలిపిన షాంపూ. 10 మి.లీ. షాంపూకు అర మి.లీ., అంటే సుమారు 10 చుక్కలు. అంతకు మించొద్దు.

జర్మనీ తెలుగోడు:
యూరప్‌లో ఉన్నవాళ్లు జింక్ పైరిథియోన్ కోసం వెతకొద్దు. 2022 మార్చి నుంచి ఇక్కడ సౌందర్య ఉత్పత్తుల్లో దాన్ని నిషేధించారు. దాని బదులు పిరాక్టోన్ ఓలమిన్ ఉన్న షాంపూలు దొరుకుతున్నాయి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పాత సీసా తెచ్చుకుని, ఇక్కడ అదే పేరుతో కొన్నది పనిచేయడం లేదనుకునేవాళ్లు సీసా వెనక మందు పేరు చూడండి. బ్రాండు ఒకటే అయినా లోపలి మందు మారి ఉంటుంది.

కూకట్‌పల్లి కస్టమర్:
ఒక సందేహం. పక్కలకు జీరో ఫేడ్ (మిషన్‌తో చర్మం దాకా కోసి, పైకి పోయేకొద్దీ జుట్టు పెంచే కటింగ్) చేయించుకున్న రోజే ఈ ట్రీట్‌మెంట్ చేయించుకోవచ్చా? కొన్ని షాపుల్లో రెండూ కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నారు.

గుంటూరు కత్తెర:
కత్తెర కటింగ్ అయితే అదే రోజు చేయొచ్చు, జుట్టు తగ్గాక మందు మాడుకు బాగా అందుతుంది కూడా. జీరో మిషన్ తిప్పినా, బ్లేడుతో అంచులు గీసినా వద్దు. కంటికి కనపడని గీతలు పడతాయి, శాలిసిలిక్ తగిలితే మండుతుంది. ట్రీట్‌మెంట్ ముందు రోజు, ఫేడ్ తరవాతి రోజు. ప్యాకేజీ ఇచ్చే షాపువాళ్లు రెండు కూపన్లుగా ఇస్తే సరిపోతుంది.

ఇంకో మాట. మెడ వెనక గట్టి పొక్కులు లేచేవాళ్లకు అక్కడ జీరో అసలు వద్దు. మరీ దగ్గరగా కోసిన వెంట్రుక మొన చర్మంలోకే తిరిగి గుచ్చుకుంటుంది. ఉంగరాల జుట్టు వాళ్లకు ఇది ఎక్కువ. అక్కడ మిషన్‌కు 1 నంబర్ గార్డు (బ్లేడు మీద తొడిగే దువ్వెన) పెట్టి, అంటే సుమారు 3 మి.మీ. జుట్టు వదిలేయండి. వెంట్రుక వాలుకు ఎదురు గీయొద్దు. పొక్కులు ముదిరి గడ్డకట్టి, వాటి మీద జుట్టు రావడం ఆగిపోతే అది డాక్టరు చూడాల్సిన పని.

చర్మవైద్యం పీజీ:
ఎవరి తల ముట్టకూడదో నేను చెబుతాను. ఈ చర్చలో అన్నింటికంటే ముఖ్యమైన భాగం ఇదేనని నా అభిప్రాయం.

గుండ్రంగా పొట్టు లేచి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్లచుక్కల్లా కనిపిస్తే అది తలతామర. పిల్లల్లో ఎక్కువ. మెత్తగా ఉబ్బి చీము కారుతున్నా అదే కావచ్చు. షాంపూతో నయం కాదు, నోటి ద్వారా మందు వాడాలి, ఎందుకంటే ఫంగస్ వెంట్రుక లోపలే ఉంటుంది. ఆ తల మీద తిప్పిన మిషన్, దువ్వెన, గుడ్డ ద్వారా పక్కవాళ్లకు అంటుకుంటుంది. కటింగ్ వద్దని చెప్పి పంపండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ కలిసిన 'దురద క్రీము' మాత్రం రాయొద్దు. ఎరుపు, దురద తగ్గినట్టుంటాయి, లోపల తామర పాకుతుంది. తరవాత చూసే డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

మందమైన వెండిరంగు పొలుసులు, ఎర్రటి అంచు, నుదుటి జుట్టు గీత దాటి బయటికి వచ్చి ఉంటే సోరియాసిస్ అనుమానించాలి. ఇది అంటుకోదు, కస్టమర్‌ను దూరం పెట్టాల్సిన పని లేదు. కానీ గోకినా, గీసినా దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చ లేస్తుంది. కాబట్టి స్క్రబ్, బ్లేడు వద్దు. కత్తెరతో, గార్డు ఉన్న మిషన్‌తో మెత్తగా కత్తిరించండి.

నున్నగా రూపాయి బిళ్లంత జుట్టు ఊడి, పొట్టూ ఎరుపూ ఏమీ లేకపోతే అది పేనుకొరుకుడు. పేను కొరకడం వల్ల వచ్చేది కాదు. శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేస్తుంది. దీనికి గురివింద గింజ అరగదీసి రాస్తామనే షాపులు పల్లెల్లో, టౌన్లలో ఇంకా ఉన్నాయి. దయచేసి ఆపండి. గురివింద గింజలో ఉండే అబ్రిన్ తీవ్రమైన విషం. గీతలు పడ్డ చర్మం మీద దాన్ని రుద్దడం ప్రమాదం. చిన్న మచ్చలు చాలామందికి కొన్ని నెలల్లో వాటంతటవే పూడుకుంటాయి, ఆ పేరు గింజకు వచ్చేస్తోంది.

నిమ్మచెక్క రుద్దడం కూడా ఇలాంటిదే. పులుపుకు పగిలిన చర్మం మండుతుంది. నిమ్మరసం ఉన్న చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చ పడొచ్చు.

వరంగల్ సెలూన్:
మంచిగ చెప్పిన్రు. మిషన్లు, దువ్వెనలు ఎట్ల శుభ్రం చేయాలె? నీలం లైటు డబ్బాల పెడితే సరిపోతదా?

చర్మవైద్యం పీజీ:
సరిపోదండి. ఆ డబ్బాలోని అతినీలలోహిత (యూవీ) కాంతి తగిలిన ఉపరితలం మీదే పనిచేస్తుంది. దువ్వెన పళ్ల మధ్య జిడ్డు, వెంట్రుక ఉంటే దాని నీడలో ఉన్నవి అలాగే బతుకుతాయి. ఆ డబ్బా కడిగిన సామాను దాచుకోవడానికే.

ప్లాస్టిక్ దువ్వెనలు ముందు సబ్బునీళ్లతో బ్రష్ చేసి, 1 వంతు ఇంటి బ్లీచు ద్రావణానికి 9 వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు ముంచి, కడిగి ఆరబెట్టండి. రోజూ కొత్తగా కలుపుకోవాలి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం పొరపాటున కూడా కలవనీయొద్దు, క్లోరిన్ విషవాయువు వస్తుంది. కత్తెరలకు, మిషన్ బ్లేడ్లకు బ్లీచు వద్దు, తుప్పు పడుతుంది. వాటికి 70 శాతం ఆల్కహాల్. 99 శాతం ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారు. అది పనిచేసేలోపే ఆవిరైపోతుంది, పైగా క్రిముల ప్రోటీన్లు చెడాలంటే కొంత నీరు కావాలి.

గుంటూరు కత్తెర:
మిషన్‌కు క్రమం: ఆపండి, బ్రష్‌తో వెంట్రుకలు దులపండి, ఆల్కహాల్ చల్లి పూర్తిగా ఆరనివ్వండి, తరవాత బ్లేడుకు 2, 3 చుక్కల మిషన్ ఆయిల్. ఆయిల్ మానేస్తే బ్లేడు వేడెక్కి మెడ మీద ఎర్రటి చారలు పడతాయి. కస్టమర్ దాన్ని అలర్జీ అనుకుంటాడు.

పటిక గురించి ఎవరూ చెప్పలేదు. ఒకే పటిక రాయిని పొద్దున్నుంచి రాత్రి దాకా అందరి గీతల మీదా రుద్దుతారు. ఒకరి రక్తం ఇంకొకరికి చేరడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. పటిక పొడి చేసి పెట్టుకుని, చిటికెడు దూదితో అద్ది, దూది పారేయండి.

చర్మవైద్యం పీజీ:
పటిక మాట నూటికి నూరుపాళ్లు నిజం. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతకగలదు. బ్లేడు ఎంత కొత్తదైనా పటిక పాతదైతే లాభం లేదు. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవాళ్లు మళ్లీ నున్నగా చేయించుకోవడానికి షాపుకొస్తారు కదా, వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. తలంతా సన్న గీతలుంటాయి. చుండ్రు మందులు, మెంతాల్ చల్లనూనెలు వారం పాటు వద్దు. గంధం రాస్తే పలచగా, శుభ్రమైన నీళ్లతో అరగదీసింది. ఎండలోకి వెళితే టోపీ.

కూకట్‌పల్లి కస్టమర్:
మాలీష్ చివర మెడ పట్టుకుని టక్కున తిప్పుతారు. హాయిగా ఉంటుందని అడిగి చేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. దాని గురించి?

చర్మవైద్యం పీజీ:
చేయొద్దు, చేయించుకోవద్దు, కస్టమర్ అడిగినా ఒప్పుకోవద్దు. మెడ ఎముకల సందుల్లోంచి మెదడుకు వెళ్లే రక్తనాళాలున్నాయి. విసురుగా తిప్పితే నాళం లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు. తల కడిగే బేసిన్‌లో మెడను వెనక్కి ఎక్కువగా వంచినా ఇలా జరగొచ్చని 1993లోనే వైద్య పత్రికలో రాశారు. మెడ కింద మందంగా చుట్టిన టవల్ పెట్టండి. వయసు పైబడినవాళ్లకు ముందుకు వంచి కడగడం మేలు. తల తిరుగుతోందన్నా, మాట తడబడినా, చూపు మసకబారినా ఆపి 108కి ఫోన్ చేయాలి. నీళ్లు తాగించి కూర్చోబెట్టడం కాదు.

వరంగల్ సెలూన్:
ఇగ ఆఖరుది. తల మీద పెట్టి టీవీల చూపెట్టే కెమెరా అమ్ముతున్నరు. కొనాల్నా?

నెల్లూరు మెడికల్స్:
కొనొచ్చు, చూపించే పనికే. పొట్టు ఎక్కడుంది, జిడ్డు ఎంత, సన్నబడ్డ వెంట్రుకలు లావు వాటి మధ్య ఎన్ని కలిశాయి, ఇవి కనిపిస్తాయి. ఒకే చోటును, ఒకే లైటులో, నెల తరవాత మళ్లీ తీసి పోల్చి చూపిస్తే కస్టమర్‌కు ఉపయోగం. దానితో జబ్బు పేరు చెప్పొద్దు, జుట్టు మొలిపించే సీరం అమ్మొద్దు. బట్టతలకు రుజువున్న పూతమందు మినాక్సిడిల్. 5 శాతం ద్రావణం, 1 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, ఫలితం తెలియడానికి కనీసం 4 నెలలు. మొదటి వారాల్లో కొందరికి జుట్టు ఎక్కువ రాలొచ్చు కూడా. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదు. తలకు తగిలే కెమెరా మొనను తల తలకూ మధ్య ఆల్కహాల్‌తో తుడవాలి. అది కూడా గోడ కాగితంలో రాయండి అన్నా.